పాలిచ్చే తల్లులకు దంత చికిత్స: మందుల వాడకంలో జాగ్రత్తలు

ప్రసవానంతరం పంటి నొప్పితో బాధపడే తల్లులలో కొందరు, మందు పాల ద్వారా బిడ్డకు చేరుతుందన్న భయంతో చికిత్సను వాయిదా వేస్తుంటారు. మరికొందరు మందులు వాడినన్నాళ్లు బిడ్డకు పాలు మాన్పిస్తుంటారు. ఈ రెండూ అనర్థదాయకమే. చికిత్స చేయించని పంటి ఇన్‌ఫెక్షన్ దవడకు, మెడకు వ్యాపించే ప్రమాదం ఉంది. పాలు మాన్పిస్తే తల్లికి పాల ఉత్పత్తి తగ్గుతుంది, బిడ్డ రోగనిరోధక రక్షణను కోల్పోతుంది. మొదటి 6 నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని, ఆపై అనుబంధ ఆహారంతోపాటు 2 సంవత్సరాలు, అంతకు మించి కూడా కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ సిఫార్సు చేస్తున్నాయి. దంత వైద్యంలో సాధారణంగా వాడే మందులలో అధిక భాగానికి పాలు నిలిపివేయవలసిన అవసరం లేదు.

మత్తు సూది, ఎక్స్‌రే

పన్ను తీయడానికి ముందు ఇచ్చే లిగ్నోకెయిన్ పాలలోకి స్వల్పంగానే చేరుతుంది. బిడ్డ జీర్ణకోశం నుంచి రక్తంలోకి చేరేది ఇంకా తక్కువ. దంత ఎక్స్‌రే వల్ల పాలకు ఎటువంటి హానీ లేదు.

నొప్పి నివారణ మందులు

పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ సురక్షితమైనవిగా గుర్తింపు పొందాయి. నొప్పికి ఆస్పిరిన్ వాడరాదు. 12 ఏళ్లలోపు పిల్లలకు వాడకుండా కేంద్ర ప్రభుత్వం 2011లో నిషేధించిన నిమెసులైడ్‌కు కూడా పాలిచ్చే తల్లులు దూరంగా ఉండాలి. కొందరి శరీరంలో కోడీన్ అతివేగంగా మార్ఫిన్‌గా మారి, పాల ద్వారా బిడ్డకు చేరి, శ్వాసను మందగింపజేయగలదు. కోడీన్, ట్రమడాల్ వాడే తల్లులు పాలివ్వరాదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది.

యాంటీబయాటిక్‌లు

అమాక్సిసిలిన్ వాడుతూ పాలివ్వవచ్చు. బిడ్డకు విరేచనాలు, నోటిపూత కనిపిస్తే వైద్యునికి తెలపాలి. మెట్రొనిడజోల్ పాలలోకి అధికంగా చేరుతుంది. 2 గ్రాముల మోతాదును ఒకేసారి ఇచ్చినప్పుడు 12 గంటలు పాలు నిలపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నాటి మార్గదర్శకాలలో సూచించింది. ఆ వ్యవధిలో పాలు పిండి పారబోయాలి. దంత చికిత్సలో విడతలుగా ఇచ్చే చిన్న మోతాదుల విషయంలో వైద్యుని సలహా పాటించాలి.

పాటించవలసిన జాగ్రత్తలు

* తాను పాలిస్తున్నట్లు, బిడ్డ వయస్సు ఎంతో తల్లి ముందుగానే దంత వైద్యునికి తెలియజేయాలి.
* నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు, నెలలోపు పసికందులు, కామెర్లు ఉన్నవారి విషయంలో మరింత అప్రమత్తత అవసరం. మందును శరీరం నుంచి తొలగించే శక్తి వారికి తక్కువ.
* బిడ్డకు పాలు పట్టిన వెంటనే మందు వేసుకోవడం మేలు.
* బిడ్డ అతిగా నిద్రపోతున్నా, పాలు తాగకున్నా, శ్వాస కష్టమైనా తక్షణం ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.
* మందుల దుకాణంలో అడిగి సొంతంగా మాత్రలు వాడరాదు.

ప్రసవానంతరం 42 రోజులలో ఆశా కార్యకర్తలు, ఆసుపత్రి ప్రసవమైతే 6 సార్లు, ఇంటి ప్రసవమైతే 7 సార్లు బాలింతల ఇళ్లను సందర్శించవలసి ఉంటుంది. ఆ సందర్భాలలో పంటి బాధల గురించి కూడా విచారించి, తల్లులను సకాలంలో దంత వైద్యుని వద్దకు పంపితే అటు చికిత్స ఆగదు, ఇటు బిడ్డకు పాలూ ఆగవు.