డాట్సన్ 240జెడ్ డిక్కీ తలుపు విడిభాగాలు

డాట్సన్ 240జెడ్ అనునది జపాన్ దేశపు నిస్సాన్ సంస్థ 1969లో ప్రవేశపెట్టిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. దీని తరువాత వచ్చిన 260జెడ్, 280జెడ్ నమూనాలతో కలిపి ఈ శ్రేణిని ఎస్30 అని వ్యవహరిస్తారు. దీని ఉత్పత్తి 1978లో ముగిసినది. ఈ కారుకు విడిగా డిక్కీ లేదు. వెనుక అద్దముతో సహా పైకి లేచే ఒకే పెద్ద తలుపు కలదు. పాత కార్లను పునరుద్ధరించేవారికి ఈ తలుపు, దాని రబ్బరు బీడింగు, తాళము, కీళ్ళు సంపాదించుట శ్రమతో కూడిన పని.

తలుపులలో భేదాలు

తొలి కార్ల డిక్కీ తలుపుపై, అద్దము క్రింద, గాలి బయటకు పోవుటకు రెండు జాలీలు ఉండేవి. 1971 నమూనాల కాలములో వీటిని తొలగించి, వెనుక ప్రక్క కిటికీల వెనుకనున్న స్తంభములపై గుండ్రని చిహ్నముల వద్దకు మార్చారు. అద్దముపై మంచును కరిగించు తీగలు కూడా తొలి కార్లలో నిలువుగాను, తరువాతి వానిలో అడ్డముగాను ఉండును. కారు తొలినాటి రూపములోనే ఉండవలెనని కోరువారు జాలీలున్న తలుపునకే ప్రాధాన్యమిస్తారు. అవి తక్కువగా లభించుటచే వెల కూడా ఎక్కువ.

రెండు సీట్ల 240, 260, 280 కార్ల తలుపులు సాధారణముగా ఒకదానికొకటి అమరును. కాని పేరు పలకలు వేరగుటచే వాని రంధ్రములు కుదరకపోవచ్చును. వాటిని పూడ్చి కొత్తవి వేయవలసివచ్చును. (జపానులో ఈ కారు పేరు ఫెయిర్‌లేడీ జెడ్. అమెరికాలో నిస్సాన్ శాఖకు అధిపతిగా ఉన్న యుటాకా కటయామాకు ఆ పేరు నచ్చలేదు. అక్కడ 240జెడ్ అను పేరే స్థిరపడినది.) 1974 నుండి వచ్చిన నాలుగు సీట్ల కారు చక్రముల మధ్య దూరము 2305 నుండి 2605 మిల్లీమీటర్లకు పెరిగినది, పైకప్పు కూడా మారినది. కనుక దాని తలుపు దీనికి పనికిరాదు. 1978లో వచ్చిన 280జెడ్ఎక్స్ పూర్తిగా వేరే బాడీ. అమ్మకందారులు "జెడ్ కారు తలుపు" అని మాత్రమే చెప్పినచో, ఏ సంవత్సరపుదో, ఎన్ని సీట్లదో అడిగి తెలిసికొనవలెను.

పాత తలుపును పరీక్షించుట

ఈ కార్లకు ప్రధాన శత్రువు తుప్పు. అద్దము చుట్టూ ఉన్న రబ్బరు గట్టిపడి పగిలినప్పుడు నీరు లోపలికి దిగి, తలుపు క్రింది అంచున రెండు రేకుల నడుమ నిలిచిపోవును. పైన రంగు బాగుగా కనిపించినను లోపల రేకు జల్లెడవలె ఉండవచ్చును. అయస్కాంతము అంటుకొననిచోట పుట్టీ దట్టముగా పెట్టినట్లు గ్రహించవలెను. లోపలి అట్టను విప్పి చూడనిదే కొనకుండుట మేలు. తలుపు బాగున్నను కారువైపు రేకులు, అనగా తలుపు ఆనుకొను అంచు, స్పేరు చక్రము ఉండు గుంట తుప్పుపట్టినచో ముందు టింకరింగ్ పని చేయించవలెను.

తలుపును ఎత్తి నిలుపు గ్యాసు కడ్డీ 240జెడ్‌లో ఒక ప్రక్కనే ఉండును. అది బలహీనపడినచో బరువైన తలుపు తలపై పడగలదు. ఇది నేటికీ కొత్తగా లభించును, కావున పాతది కొనుట వృథా.

రబ్బరు బీడింగు

చిన్నదిగా కనిపించినను ప్రాణాపాయముతో ముడిపడిన భాగమిదే. కారు వేగముగా పోవునపుడు దాని వెనుక గాలి ఒత్తిడి తగ్గి, గొట్టము నుండి వచ్చు పొగ తిరిగి కారు వైపునకే లాగబడును. బీడింగు సరిగా లేనిచో ఆ పొగ లోనికి చేరును. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. తలనొప్పి, మగత కలిగినచో అది ప్రయాణపు అలసట అనుకొని ఉపేక్షించరాదు. కారు ఆపి దిగవలెను.

అసలు సంస్థ తయారుచేసినవి కాక ఇతరులు చేసిన బీడింగులు కొన్ని మరీ మందముగా ఉండి తలుపును సమముగా మూయనివ్వవు. బలవంతముగా మూసినచో తాళముపై భారము పడును. అమర్చిన తరువాత అంచు వెంట అక్కడక్కడ కాగితపు ముక్కనుంచి తలుపు మూసి లాగిచూడవలెను. తేలికగా వచ్చినచోట సందు ఉన్నదని అర్థము. కీళ్ళ క్రింద పలుచని రేకులు పెట్టి, తాళపు కొక్కెమును జరిపి సరిచేయవచ్చును.

బీడింగు మార్చినను పొగ తగ్గనిచో వెనుక దీపముల రబ్బర్లను, తీగలు పోవు రంధ్రములను చూడవలెను. పెట్రోలు వాసన మాత్రమే వచ్చుచున్నచో కారణము వేరు: కుడివైపు వెనుక అట్ట లోపల ఉన్న చిన్న ఆవిరి ట్యాంకు, దాని రబ్బరు గొట్టములు. యాభై ఏండ్లు దాటిన ఆ గొట్టములు చీలియుండుట సాధారణము.