ఇష్టమొచ్చినట్టు కాల్చండి

1961 జూలై. పారిస్‌లోని గ్యాలరీ జె. బొమ్మలు చూద్దామని వస్తే మీ చేతిలో రైఫిల్ పెట్టారు.

ఉత్తుత్తిది కాదు. పాయింట్ 22 రైఫిల్, లోపల అసలైన గుండు. ఎదురుగా గోడకు పెద్ద పలక, దాని నిండా తెల్లటి ప్లాస్టర్. అక్కడక్కడా బుడిపెలు, ఎత్తుపల్లాలు. బొమ్మ ఏదీ? ఇంకా లేదు. మీరు కాలిస్తేనే బయటికొస్తుంది.

ప్లాస్టర్ కింద రంగు సంచులున్నాయి. ఎక్కడున్నాయో, దేంట్లో ఏ రంగుందో పైకి కనబడదు. అమర్చింది నికీ ద సాన్ ఫాల్. ముప్పయ్యేళ్లావిడ, ఒకప్పుడు ఫ్యాషన్ పత్రికలకు మోడల్. ఫిబ్రవరిలో మొదటిసారి కాల్చినప్పుడు తుపాకీ కూడా ఆమెది కాదు, సంతలో గురిచూసి కొట్టే ఆట నడిపేవాడి దగ్గర అద్దెకు తెచ్చింది. అల్జీరియా యుద్ధం ఇంకా నడుస్తున్న రోజులివి. ఈ ఊళ్లో తుపాకీ చప్పుడు ఎవరికీ సరదాగా వినబడదు.

ఎక్కడ కొడతారు? పైన తగిలితే రంగు పలక పొడవునా కారుతుంది. కింద తగిలితే ఇట్టే నేలపాలు. మీ చేతిలో ఉన్నది అంతవరకే. వెనక జనం గొణుగుతున్నారు. అరచేతులు చెమర్చాయి.

రైఫిల్ భుజానికి ఆనించండి.

ఒక కన్ను మూయండి.

ఊపిరి బిగబట్టండి.

ఢాం!

పెచ్చు ఎగిరింది. దుమ్ము. చిన్న చిల్లు. రంగు లేదు.

మళ్లీ.

ఢాం!

ఎరుపు!

చిల్లులోంచి చిమ్మింది. జారింది. ఒక బుడిపెకు తగిలి రెండు పాయలైంది. ఎడమ పాయ గుంటలో ఆగిపోయింది. కుడిది ఇంకా దిగుతూనే ఉంది. ఇలా వస్తుందని మీరనుకోలేదు. నికీ కూడా అనుకుని ఉండదు. అలాగని అంతా గాలివాటం అంటే నేను ఒప్పుకోను. ఆ బుడిపెను అక్కడ పెట్టిందెవరు? సంచిని ఆ ఎత్తున దాచిందెవరు? పాచిక మీరు వేశారు సరే, పటం గీసింది ఆమే.

రైఫిల్ ఇంకా వెచ్చగా ఉంది. తెలుపు మీద ఎర్రటి రెండు పాయలు బాగానే ఉన్నాయి. ఇక్కడితో ఆపుతారా? ఇంకోటి కాలిస్తే నీలం రావచ్చు. ఏమీ రాకపోనూవచ్చు.

వెనకాయన తన వంతు వచ్చిందని చెయ్యి చాచాడు. తుపాకీ ఇచ్చేస్తారా? ఇస్తే, మీ ఎరుపు మీదే అతను నలుపు కార్చేయొచ్చు.