పేరు పిలిచిన ఏ ఫైలు పలుకును?

నెల్లూరు సముద్రతీరమున పట్టపుపాలెము అను పేరుగల పల్లెలు ఒకటి కంటె ఎక్కువే ఉన్నవి. పట్టపువారను జాలరుల నివాసములగుట వలన వాటికి ఆ పేరు వచ్చినది. తుమ్మలపెంట ప్రక్క ఒకటి, జువ్వలదిన్నె ప్రక్క ఒకటి, ఇసకపల్లి ప్రక్క ఒకటి. ఉత్తరము మీద "పట్టపుపాలెము" అని మాత్రమే వ్రాసినచో పోస్టుమాను తనకు దగ్గరనున్న పాలెమునకే దానిని చేర్చవచ్చును. ఉత్తరము చేరును గాని, చేరవలసిన వారికి కాదు. కంప్యూటరు ప్రోగ్రాములలోను ఇటువంటి చిక్కే కలదు. దానిని తీర్చుటకు జరిగిన ప్రయత్నములకు డెబ్బది యేండ్లకు పైబడిన చరిత్ర ఉన్నది.

పెద్ద ప్రోగ్రామును ఒకే ఫైలులో వ్రాయరు. పనిని భాగములు చేసి, ఒక్కొక్క భాగమును ఒక్కొక్క ఫైలులో ఉంచుదురు. ఇట్టి భాగమునకు మాడ్యూలు అని పేరు. ఒక ఫైలు మరియొక మాడ్యూలును పేరుపెట్టి పిలుచును. పిలిచినంతనే అది ఎచ్చట నున్నదో యంత్రమునకు తెలియదు, వెదకవలెను. ఎక్కడ వెదకవలెను, ఏ వరుసలో వెదకవలెను అనునదే ప్రశ్న.

1949 మే 6వ తేదీన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఎడ్సాక్ అను యంత్రము తన మొదటి ప్రోగ్రామును నడిపినది. దాని నిర్మాణమునకు నాయకుడు మారిస్ విల్క్స్. వర్గమూలము కట్టుట, సైను విలువ కనుగొనుట, ఫలితమును అచ్చువేయుట వంటి పనులు పెక్కు ప్రోగ్రాములకు కావలసి వచ్చినవి. అందుచే వాటి ఆదేశములను ఒకసారి వ్రాసి, రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీలుగా బీరువాలో భద్రపరచినారు. త్రికోణమితికి 'టి', అచ్చుకు 'పి' - ఇట్లు తరగతికొక అక్షరము. కావలసినవారు పట్టీని తీసి, తమ పట్టీపై దాని నకలు పొడిపించుకొనవలెను. అనగా వెదకువాడు మనిషియే. నకలు ఒక్కొక్క ప్రోగ్రాములో ఒక్కొక్క చోట పడును గనుక దానిలోని చిరునామాలను సరిదిద్దవలెను. ఆ పనిని డేవిడ్ వీలర్ వ్రాసిన ప్రారంభ ఆదేశములు యంత్రము చేతనే చేయించినవి.

1952లో అమెరికాలో గ్రేస్ హాపర్ వెదకుపనిని కూడ యంత్రమునకు అప్పగించినది. యూనివాక్ యంత్రము కొరకు ఆమె తయారుచేసిన ఎ-జీరో పద్ధతిలో, భాగము యొక్క సంఖ్యను వ్రాసిన చాలును; టేపు మీద ఆ భాగమును యంత్రమే కనుగొని ప్రోగ్రాములో చేర్చును. ఒక సంఖ్య ఒక భాగమునకే చెందును గనుక సందేహము లేదు. కాని సంఖ్యలు జ్ఞాపకముండవు. పేర్లు జ్ఞాపకముండును, అయితే ఒకే పేరును ఇద్దరు పెట్టవచ్చును. తరువాతి చరిత్ర అంతయు ఈ ఇరకాటము చుట్టు తిరిగినదే.

1970 తరువాత బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాషలో ఫైలు పేరును రెండు విధముల వ్రాయవచ్చును. ఉల్లేఖన చిహ్నముల నడుమ వ్రాసినచో సాధారణముగా పిలిచిన ఫైలున్న ఫోల్డరులోనే మొదట వెదకును. కోణచిహ్నముల నడుమ వ్రాసినచో అందరికి ఉమ్మడిగా ఏర్పరచిన చోట్ల వెదకును. మొదటిది ఇంటిలో చూచుట. రెండవది గ్రంథాలయములో చూచుట.

1991లో గిడో వాన్ రోసమ్ వెలువరించిన పైథాను భాషలో ఫోల్డరుల జాబితా ఒకటి ఉండును. యంత్రమునందే ఇమిడియున్న కొన్ని మాడ్యూళ్లను మినహాయించి, తక్కిన వాటిని ఆ జాబితా వరుసలో వెదకి, మొదట దొరికిన దానితో ఆగిపోవును. మామూలుగా మొదటి స్థానము మన ప్రోగ్రామున్న ఫోల్డరుదే. ఒక విద్యార్థి పాచికల ఆట వ్రాసి, ఆ ఫైలుకు "రాండమ్" అని పేరు పెట్టినాడనుకొందము. యాదృచ్ఛిక సంఖ్యల కొరకు అతడు రాండమ్ మాడ్యూలును పిలువగా, యంత్రము అతని ఫైలునే తెచ్చి యిచ్చును! సంఖ్యలనిచ్చు ఆదేశము అందులో లేదు గనుక ప్రోగ్రాము ఆగును. యంత్రము తప్పు చేయలేదు, వరుసను పాటించినది. 2024లో వచ్చిన 3.13వ పైథాను ఇట్టి సందర్భమున పేరు మార్చుకొమ్మని సలహా కూడ చెప్పును.

ఈ చిక్కు పొరపాటుతోనే పోదు, మోసమునకును దారితీయును. పెర్ల్ భాష చాలకాలము తన జాబితా చివర, మనమున్న ఫోల్డరును కూడ చేర్చి వెదకెడిది. పలువురు వాడు ఫోల్డరులో ఇతరులు పెట్టిన ఫైలు ఆ పేరుతో నడచు ప్రమాదమున్నందున 2017లో దానిని తొలగించినారు. 2021లో అలెక్స్ బిర్సన్ అను పరిశోధకుడు మరియొక లోపమును బయటపెట్టినాడు. పెద్ద సంస్థలు తమలో తాము వాడుకొను మాడ్యూళ్ల పేర్లతోనే అతడు బహిరంగ భాండాగారములలో వేరు మాడ్యూళ్లు ఉంచగా, ఆ సంస్థల యంత్రములు వాటినే తెచ్చుకొన్నవి. అతడు హాని తలపెట్టక ఆ సంస్థలకు తెలియజేసినాడు.

దీనికి విరుగుడు మన తీరవాసులకు తెలిసినదే: ఊరిపేరు చేర్చి "ఇసకపల్లి పట్టపుపాలెము" అనుట. 1990 దశకమున వచ్చిన జావా భాష, మాడ్యూలు పేరునకు ముందు సంస్థ పేరును చేర్చు ఆచారమును నెలకొల్పినది. పైథానులోను చుక్కలతో కూడిన పూర్తి పేరును వ్రాయవచ్చును. అయితే పూర్తి పేరు ఉన్నను, మొదట ఏ చోట చూడవలెనో నిర్ణయించునది వరుసయే. కావున పాఠశాలలో ప్రోగ్రాములు నేర్పు ఉపాధ్యాయులు మొదటి నాడే రెండు అలవాట్లు చేయింతురు గాక: గ్రంథాలయపు మాడ్యూలు పేరును మన ఫైలుకు పెట్టకుండుట, ప్రోగ్రాము వింతగా ప్రవర్తించినపుడు, పిలిచిన పేరునకు ఏ ఫోల్డరులోని ఫైలు పలికినదో ముందుగా చూచుట.