భిలాయి: ఉక్కునగరం, దాని ఇరుగుపొరుగు

మన దేశంలోని ప్రాచీన నగరాలలో అధికభాగం ఒక నదినో, కోటనో, దేవాలయాన్నో ఆశ్రయించి పెరిగినవే. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని భిలాయి మాత్రం ఒక కొలిమిని ఆశ్రయించి పుట్టింది. 1955కు పూర్వం రాయపూర్, దుర్గ్ పట్టణాల నడుమ, వరిపొలాల మధ్య ఒదిగి ఉన్న చిన్న గ్రామం పేరు అది. రెండవ పంచవర్ష ప్రణాళికా కాలంలో ఆ పేరు దేశంలోని ప్రతి పాఠ్యపుస్తకానికీ ఎక్కింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దుర్గ్–భిలాయి జంటనగరాల జనాభా 10 లక్షల 64 వేలు.

ఈ నగర చరిత్రను టన్నుల లెక్కలతో చెప్పడం పరిపాటి. కర్మాగారం ఎంత ఉక్కును పోసిందన్నది ముఖ్యమైన విషయమే. అయితే ఉక్కుతోపాటు భిలాయిలో మరొక ప్రయత్నం కూడా జరిగింది. జీతంతోపాటు ఇల్లు, బడి, వైద్యం, మంచినీరు, ఆటస్థలం అన్నీ సమకూరుస్తానని ఒక ప్రభుత్వ సంస్థ తన శ్రామికులకు మాట ఇచ్చింది, చాలావరకు నిలబెట్టుకున్నది. ఆ మాట ఎంతమందికి చేరింది, ఎవరి వాకిలి దాకా వచ్చి ఆగిపోయింది అన్న ప్రశ్నకు సమాధానమే భిలాయి సామాజిక చరిత్ర.

ఖనిజం నుండి ఒప్పందం దాకా

భిలాయికి దక్షిణాన ఉన్న దల్లీ–రాజహరా కొండలలో మేలైన ఇనుప ఖనిజం ఉన్నదని 19వ శతాబ్ది చివరిభాగంలోనే భూగర్భశాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ గుర్తించి నివేదించాడు. ఉక్కు పరిశ్రమ స్థాపన కోసం స్థలాన్వేషణ చేస్తున్న టాటాల దృష్టి మొదట ఈ ప్రాంతం మీదనే పడింది. ఖనిజం సమృద్ధిగా ఉన్నప్పటికీ తగిన బొగ్గు, నీరు చేరువలో లేకపోవడం వల్ల వారు తూర్పునకు తరలిపోయారు. బోస్ సూచన మేరకే మయూర్‌భంజ్ ఖనిజాన్ని పరిశీలించి, సాక్చీ వద్ద కర్మాగారాన్ని నెలకొల్పారు. ఆ సాక్చీయే నేటి జంషెడ్‌పూర్. దుర్గ్ ప్రాంతం మరొక అర్ధశతాబ్దం పాటు వరి పండిస్తూ, కరువు వచ్చినప్పుడు వలసపోతూ కాలం గడిపింది.

1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కొత్తఢిల్లీలో ఒప్పందం కుదిరింది. సాలీనా 10 లక్షల టన్నుల ఉక్కును తయారుచేసే కర్మాగారానికి అవసరమైన యంత్రసామగ్రిని, సాంకేతిక నైపుణ్యాన్ని సోవియట్ యూనియన్ సమకూర్చుతుంది. అందుకు ఇచ్చిన రుణానికి వడ్డీ నూటికి రెండున్నర. పన్నెండు వార్షిక వాయిదాలలో తిరిగి చెల్లించాలి. అదే కాలంలో రూర్కెలాకు పశ్చిమ జర్మనీ, దుర్గాపూర్‌కు బ్రిటన్ తోడ్పడ్డాయి. ఒకే దశకంలో మూడు వేర్వేరు దేశాల సాయంతో మూడు ఉక్కు కర్మాగారాలు లేచిన ఆ సందర్భం ఆనాటి అలీన విదేశాంగ విధానానికి ప్రత్యక్ష నిదర్శనం. కర్మాగారం ఈ ప్రాంతానికే రావాలని పట్టుబట్టినవారిలో నాటి మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి పండిత రవిశంకర్ శుక్లా ముఖ్యుడు.

టాటాలకు అడ్డువచ్చిన ఇబ్బందులు ఇప్పుడు తీరగలిగాయి. హౌరా–బొంబాయి ప్రధాన రైలుమార్గం మీదుగా బొగ్గును రప్పించే వీలు ఉన్నది. బ్రిటిష్ పాలనాకాలంలో సేద్యానికి కట్టిన తాందుల జలాశయం నుండి నీటిని తీసుకున్నారు; తరువాతి కాలంలో మహానది మీది గంగ్రేల్ జలాశయం తోడయింది. నందినీ గనుల నుండి సున్నపురాయి, హిర్రీ నుండి డోలమైటు, రాజహరా నుండి ఖనిజం వచ్చాయి. సోవియట్ నిపుణులు, భారతీయ ఇంజనీర్లు, వేలాది కూలీలు కలిసి శ్రమించిన ఫలితంగా 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించారు. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ స్వయంగా భిలాయి వచ్చి చూశాడు. నిర్మాణానికి నాయకత్వం వహించిన సోవియట్ ఇంజనీరు వెనియమిన్ దిమ్షిత్స్ తరువాతి కాలంలో తన దేశానికి ఉపప్రధాని అయ్యాడు.

ఉత్పత్తి సామర్థ్యం 1967లో 25 లక్షల టన్నులకు, 1980ల చివరికి 40 లక్షల టన్నులకు పెరిగింది. భారతీయ రైల్వేలు పరచిన పట్టాలలో అధికభాగం భిలాయిలో తయారైనవే. తెలుగు పాఠకుడు ఏ రైలెక్కినా ఈ ఊరి పనితనం మీద కొంతదూరమైనా ప్రయాణం చేసి ఉంటాడు.

సెక్టార్ల నగరం

కర్మాగారంతోపాటే దాని పక్కన ఉద్యోగుల నగరం లేచింది. పాత ఊళ్లలో వలె ఇక్కడ పేటలకు కులాల పేర్లు, వృత్తుల పేర్లు లేవు; సెక్టార్లకు అంకెలే పేర్లు. చెట్ల నీడన వెడల్పయిన వీధులు, సెక్టారుకు ఒక బజారు, పాఠశాల, ఆరోగ్యకేంద్రం, మధ్యలో సివిక్ సెంటరు – ఇదీ నగర స్వరూపం. తొమ్మిదవ సెక్టారులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి చుట్టుపక్కల జిల్లాలన్నింటికీ పేరెన్నిక గన్నది. భారత–సోవియట్ మైత్రికి చిహ్నంగా 1972లో ‘మైత్రీబాగ్’ ఉద్యానవనం, జంతుప్రదర్శనశాల వెలిశాయి. సోవియట్ రాజ్యం 1991లో అంతరించినా ఉద్యానవనం ఆ పేరుతోనే నిలిచి ఉన్నది.

ఇంటి కేటాయింపులో ఒక విశేషం ఉన్నది. ఇల్లు ఉద్యోగి హోదాను బట్టి వచ్చేది. కులాన్ని బట్టి, భాషను బట్టి కాదు. మలయాళీ కుటుంబానికి ఒకవైపు గోడ పంజాబీలది, మరొకవైపు గోడ బీహారీలది. గ్రామంలో ఒకే బావినుండి నీరు తోడుకోవడానికి వీలులేని కులాలవారు ఇక్కడ ఒకే మేడమెట్లు ఎక్కి దిగారు. వారి పిల్లలు ఒకే బడిలో చదివి, ఇంజనీరింగు ప్రవేశపరీక్షలలో దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. స్వతంత్ర భారతం కోరుకున్న పౌరజీవనానికి ఒక నమూనాగా భిలాయిని పాలకులు చూపించడంలో అతిశయోక్తి కొంత ఉన్నా, ఆధారం లేకపోలేదు.

తెలుగువారి రాక

ఈ మిశ్రమ జనంలో తెలుగువారి సంఖ్య గణనీయమైనది. దానికి భౌగోళిక కారణం ఉన్నది. 1930ల తొలినాళ్లలో విజయనగరం–రాయపూర్ రైలుమార్గం పూర్తయిన నాటి నుండి ఉత్తరాంధ్రకు ఛత్తీస్‌గఢ్ మైదానం పొరుగు అయింది. కర్మాగార నిర్మాణం మొదలైనప్పుడు శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల కూలీలు, తాపీపనివారు, వారి వెంట చదువుకున్న యువకులు ఈ దారినే వచ్చారు. కొందరికి శాశ్వతోద్యోగం లభించి సెక్టార్లలో స్థిరపడ్డారు. అయిదవ సెక్టారులోని బాలాజీ ఆలయం, ఆంధ్ర సాహిత్య సమితి అక్కడి తెలుగువారి పండుగలకు, సభలకు నెలవయ్యాయి. ఉద్యోగం దొరకనివారు నిర్మాణకాలపు ‘క్యాంపు’లలోను, ఖుర్సీపార్ వంటి బస్తీలలోను నిలిచిపోయారు. అక్కడి ఇళ్లలో నేటికీ ఉత్తరాంధ్ర యాస వినిపిస్తుంది. అయితే పిల్లల చదువు హిందీ, ఇంగ్లీషుల్లోకి మారిపోయింది.

ఒకే రైలులో దిగిన ఇద్దరిలో ఒకడు సెక్టారుకు, మరొకడు బస్తీకి చేరడం భిలాయి కథలో కీలకమైన మలుపు. భాష, ఊరు, కులం ఒకటే అయినప్పటికీ ఉద్యోగపత్రం వారి సంతానాన్ని రెండు వేర్వేరు తరగతులుగా విడదీసింది.

గోడకు అవతల

కర్మాగారానికి, నగరానికి భూములు ఇచ్చిన గ్రామాలవారు మొదట్లో ఈ కొత్త లోకాన్ని అనుమానంతోనే చూశారు. పెద్ద కట్టడానికి నరబలి కావలసి ఉంటుందని, కొలిమిలో పిల్లలను వేస్తున్నారని పుకార్లు పుట్టాయి. భూమి ఉన్న రైతుకు యంత్రాల మధ్య పని అవమానంగానూ, ప్రాణాపాయంగానూ తోచింది. 1965–66 నాటి తీవ్రమైన అనావృష్టి ఆ బెరుకును పోగొట్టింది. అప్పటికి మంచి ఉద్యోగాలలో అధికభాగం పరరాష్ట్రాల వారి చేతికి వెళ్లిపోయింది. స్థానికుడు, పరదేశి అన్న భేదభావానికి మూలం ఇక్కడ ఉన్నది.

లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన మానవశాస్త్రవేత్త జోనథన్ ప్యారీ 1990ల నుండి ఈ ప్రాంతంలో దీర్ఘకాలం పరిశోధన జరిపి, 2020లో ఒక బృహద్గ్రంథం వెలువరించాడు. అక్కడి వాడుకలో ‘నౌకరీ’ అన్న మాటకు, ‘కామ్’ అన్న మాటకు ఉన్న అంతరాన్ని ఆయన ప్రముఖంగా ఎత్తిచూపాడు. నౌకరీ అంటే భద్రత గల శాశ్వతోద్యోగం. కామ్ అంటే ఏ పూటకు ఆ పూట దొరికే పని. మనకు కూడా ‘నౌకరీ’ పరిచితమైన పదమే. దాని వెనుక ఉన్న గౌరవమూ తెలిసినదే. ఒకే కోక్ ఓవెను వద్ద పక్కపక్కన చెమటోడ్చే ఇద్దరిలో ఒకరిది నౌకరీ, మరొకరిది కామ్ కావచ్చును.

కామ్ చేసేవారి పక్షాన లేచిన గొంతులలో ముఖ్యమైనది శంకర్ గుహా నియోగీది. రాజహరా గనులలోని కాంట్రాక్టు కార్మికులను ఆయన 1977 నుండి సంఘటితం చేశాడు. ఆ సంవత్సరం జూన్‌లో జరిగిన పోలీసు కాల్పులలో పలువురు గని కార్మికులు మరణించారు. వారి స్మృత్యర్థం కార్మికులు తమ చందాలతో, తమ శ్రమతో నిర్మించుకున్న ‘షహీద్ ఆసుపత్రి’ 1983లో రాజహరాలో ప్రారంభమయింది. ఉక్కు సంస్థ కట్టిన ఆసుపత్రి సెక్టార్ల నగరానికి ఎంత గర్వకారణమో, ఈ ఆసుపత్రి గని బస్తీలకు అంత గర్వకారణం. తరువాత నియోగీ తన ఉద్యమాన్ని రైలుమార్గానికి ఆవలి వైపున ఉన్న భిలాయి ప్రైవేటు పారిశ్రామికవాడకు విస్తరింపజేశాడు. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున భిలాయిలో నిద్రిస్తుండగా ఆయనను కాల్చి చంపారు. మరుసటి సంవత్సరం జూలై 1న రైలుపట్టాలపై బైఠాయించిన కార్మికులపై జరిగిన పోలీసు కాల్పులలో పదిహేనుమందికి పైగా మరణించారు. భిలాయి తయారుచేసిన పట్టాలే ఆనాడు ఆ నగరపు రెండు జీవితాలకు మధ్య సరిహద్దురేఖగా నిలిచాయి.

ఈ ప్రాంతపు సొంత గొంతు కళారంగంలో మరొక తీరున వినిపించింది. భిలాయికి చేరువలోని గనియారీ గ్రామంలో 1956లో జన్మించిన తీజన్‌బాయి, తంబూరా చేతపట్టి, నిలబడి, అభినయిస్తూ పాండవానీ గానాన్ని ప్రపంచవేదికల మీదికి తీసుకువెళ్లింది. స్త్రీలు కూర్చుని పాడే పద్ధతిని కాదని పురుషుల శైలిని చేపట్టినందుకు మొదట కులబహిష్కారానికి గురి అయిన ఆమెకు భిలాయి ఉక్కు కర్మాగారం ఉద్యోగం ఇచ్చి ఆదరించింది. 2019లో ఆమెకు పద్మవిభూషణ్ లభించింది. బుర్రకథ ఎరిగిన తెలుగువారికి ఆమె తంబూరాలో భీముని గద కనిపించడం ఆశ్చర్యం కాదు. సంస్థ ఇచ్చిన మాట గోడ దాటి గ్రామానికి చేరిన సందర్భాలలో ఇది ఒకటి.

మారిన కాలం

1980ల చివరికి కర్మాగారంలోను, గనులలోను కలిపి అరవై వేలకు పైబడిన శాశ్వతోద్యోగులు ఉండేవారు. తరువాతి దశాబ్దాలలో ఉత్పత్తి పెరిగింది. ఆ సంఖ్య సగానికి మించి తగ్గింది. తగ్గిన చోటును కాంట్రాక్టు కార్మికులు నింపారు. 2000ల తొలినాళ్లలో సెక్టార్లలోని ఇళ్లలో కొన్నింటిని దీర్ఘకాలపు కౌలుకు ఇచ్చారు. పదవీవిరమణ చేసినవారు ఊరు విడిచి వెళ్లలేక ఇక్కడే నిలిచారు. వారి పిల్లలు బెంగుళూరుకు, హైదరాబాదుకు, విదేశాలకు తరలిపోయారు. తండ్రి చేసిన ఉద్యోగం కొడుకుకు లేదు. కొడుకు దానిని కోరుకోవడమూ తగ్గింది. నౌకరీ ఇచ్చిన చదువే నౌకరీ చేసిన ఊరినుండి తరువాతి తరాన్ని దూరం చేసింది.

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినది. 2016లో మంజూరైన ఐ.ఐ.టి.కి భిలాయి పేరు దక్కింది. 2018 జూన్‌లో విస్తరించిన, ఆధునికీకరించిన కర్మాగారాన్ని ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు. అదే సంవత్సరం అక్టోబరులో కోక్ ఓవెన్ల గ్యాసు గొట్టం వద్ద జరిగిన ప్రమాదంలో పదిమందికి పైగా సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. కొలిమితో కాపురం చేసే ఊరికి సంపద, ప్రమాదం రెండూ ఒకే ద్వారం గుండా వస్తాయి. రాజహరాలో ఖనిజం తరుగుతుండగా కర్మాగారం చూపు బస్తర్ వైపున ఉన్న రావ్‌ఘాట్ కొండల మీదికి మళ్లింది. ఒకప్పుడు దుర్గ్ గ్రామాలు ఎదుర్కొన్న ప్రశ్నలనే ఇప్పుడు ఆ అడవి గ్రామాలు ఎదుర్కొంటున్నాయి.

తెలుగువారికి ఈ కథ పరాయిది కాదు. 1966 నాటి ఉద్యమ ఫలితంగా, అదే సోవియట్ సహకారంతో నిర్మితమై 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారం, దాని పక్కన ఉక్కునగరం, వాటికోసం భూములు వదిలిన గ్రామాలు మన కళ్లముందే ఉన్నాయి. ఏ ఉక్కునగరపు ఐశ్వర్యాన్నయినా కొలవవలసి వచ్చినప్పుడు సెక్టార్లలోని చెట్లనీడతోపాటు, గోడకు అవతల బస్తీలో సాయంత్రం పొయ్యి వెలిగే వేళను కూడా లెక్కలోకి తీసుకోవాలి. భిలాయిని నిర్మించినవారి ఆశయం చిన్నది కాదు. పనిచేసే మనిషికి జీతం ఒక్కటే చాలదు, జీవితం కూడా ఇవ్వాలని వారు తలచారు. ఆ తలపు వేలాది కుటుంబాల గతిని మార్చిందన్నది భిలాయి నిరూపించిన సత్యం. దానిని నౌకరీ లేని వాకిలి వరకు కొనిపోవడం ఆ నగరానికీ, అటువంటి నగరాలను కట్టిన దేశానికీ మిగిలి ఉన్న బాధ్యత.