ఇటాలియన్ రెస్టారెంటు

ఇటలీ దేశపు వంటకాలను ఆ దేశపు భోజన క్రమములో, ఒకదాని తరువాత ఒకటిగా బల్ల వద్దకు తెచ్చి వడ్డించే భోజనశాలను ఇటాలియన్ రెస్టారెంటు అంటారు. పిజ్జా దుకాణాలకు, వీటికి చాలా భేదం ఉన్నది. తెలుగు ప్రాంతాలలో ఈ తరహా ఖరీదైన రెస్టారెంట్లు ప్రధానంగా హైదరాబాదులో ఉన్నాయి. పల్నాడు జిల్లాలోని క్రోసూరు వంటి మండల కేంద్రాల నుండి చదువుకో, ఉద్యోగానికో నగరం చేరినవారు స్నేహితులతోనో, కార్యాలయపు విందుకో మొదటిసారి ఇక్కడకు వెళ్ళినపుడు ఏది ముందు, ఏది తరువాత, ఎంత అడగాలి అన్న విషయంలో తికమక పడటం సహజం.

పేర్లు, రకాలు

ఇటలీలో భోజనశాలలకు స్థాయిని బట్టి వేర్వేరు పేర్లు ఉన్నాయి. మెనూ కార్డు, శిక్షణ పొందిన సర్వర్లు, ద్రాక్షసారాయి జాబితా ఉండే పెద్ద భోజనశాల "రిస్తొరాంతె". కుటుంబం నడిపే సాదా భోజనశాల "త్రత్తోరియా". పూర్వం ద్రాక్షసారాయితో పాటు కొద్దిపాటి తిండి పెట్టిన చోటు "ఒస్తెరియా". పిజ్జాకు ప్రత్యేకమైనది "పిజ్జెరియా". అయితే ఈ పేర్లను బట్టి నేడు ఖరీదును అంచనా వేయరాదు. మోదెనా నగరంలో మాస్సిమో బొత్తూరా 1995లో ప్రారంభించిన "ఒస్తెరియా ఫ్రాంచెస్కానా" పేరుకు ఒస్తెరియా అయినా మూడు మిషెలిన్ నక్షత్రాలు పొందినది. 2016, 2018 సంవత్సరాలలో ప్రపంచపు 50 ఉత్తమ రెస్టారెంట్ల జాబితాలో ప్రథమ స్థానంలో నిలిచినది. భారతదేశపు పెద్ద హోటళ్ళు కూడా ఈ పేర్లను ఇష్టం వచ్చినట్లు వాడుకుంటాయి.

నేపుల్స్ నగరపు పిజ్జా తయారీ కళను యునెస్కో 2017లో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినది. ఇటాలియన్ వంట మొత్తానికి ఈ గుర్తింపు 2025 డిసెంబరులో లభించినది. ఆ నిర్ణయం తీసుకున్న సమావేశం న్యూఢిల్లీలోనే జరిగినది.

భోజన క్రమము

తెలుగువారి భోజనంలో విస్తరి ఒక్కటే. అన్నం, పప్పు, కూర, పచ్చడి అన్నీ అందులోనే ఉంటాయి. పప్పుతో మొదలుపెట్టి పెరుగుతో ముగించే వరుస తినేవాని చేతిలో ఉంటుంది. ఇటాలియన్ భోజనంలో ఆ వరుస వంటింటి చేతిలో ఉంటుంది. ఒక పళ్ళెం తీసివేసిన తరువాతనే మరొకటి వస్తుంది.

మొదట వచ్చేది "ఆంటిపాస్తో". కాల్చిన రొట్టెపై టమాటా ముక్కలు వేసిన బ్రుస్కెత్తా, జున్ను, ఊరబెట్టిన ఆలివ్ కాయలు, పలుచగా కోసిన మాంసం ఇందులోనివి. తరువాత "ప్రీమో", అనగా మొదటి వంటకం. పాస్తా, రిసోత్తో, సూప్ ఇక్కడ వస్తాయి. దాని తరువాత "సెకొందో", అనగా చేప లేదా మాంసపు వంటకం. దీనికి తోడుగా విడి పళ్ళెంలో వచ్చే కూరగాయలను "కొంతోర్నో" అంటారు. చివరిది తీపి వంటకం, "దోల్చె". ఆపైన చిన్న గిన్నెలో చిక్కని ఎస్ప్రెస్సో కాఫీ. భోజనానంతరం పాలు కలిపిన కాపుచ్చీనో త్రాగే అలవాటు ఇటలీలో లేదు, అది ఉదయపు పానీయం.

ఈ వరుస తెలియకపోవడం వల్లనే ఎక్కువ నిరాశ కలుగుతుంది. పాస్తా పళ్ళెం చూసి "ఇంతేనా" అనుకోవడం సాధారణం. కానీ ఒకరికి 80 నుండి 100 గ్రాముల ఎండు పాస్తా అన్న కొలత, దాని తరువాత మరొక వంటకం ఉన్నదని తలచి పెట్టినది. అన్ని భాగాలూ తప్పక అడగాలన్న నియమం లేదు. ఇటలీవారే చాలామంది ఒక ఆంటిపాస్తో, ఒక ప్రీమోతో సరిపెట్టుకుంటారు. బల్లపై మొదటే పెట్టే రొట్టెను ఆకలి తీర్చుకోవడానికి తినివేయడం కూడా పొరపాటే. పళ్ళెంలో మిగిలిన సాస్‌ను రొట్టెముక్కతో తుడుచుకొని తినడాన్ని ఇటలీవారు "స్కార్పెత్తా" అంటారు. ఇంటిలో అందరూ చేస్తారు, ఖరీదైన చోట మాత్రం కొంత మొహమాటపడతారు. మన ఇళ్ళలో విస్తరి వేళ్ళతో ఊడ్చుకొని తినడం వంటిదే ఇది.

పాస్తాను "ఆల్ దెంతె"గా, అనగా పంటికి తగిలేటట్లు ఉడికిస్తారు. అన్నం విషయంలో మనం "పలుకు" అనేది దాదాపు ఇదే. అన్నంలో పలుకు లోపం, పాస్తాలో అది గుణం. రిసోత్తో చూడటానికి కట్టుపొంగలిలా జారుగా ఉన్నా, గింజ లోపల కొద్దిగా పలుకు ఉంటుంది. దీనికి వాడే ఆర్బోరియో, కార్నరోలి రకాల వరి ఉత్తర ఇటలీలోని పో నది మైదానంలో పండుతుంది. ఐరోపాలో వరి అత్యధికంగా పండించే దేశం ఇటలీయే. ఆ ప్రాంతపు మరొక వంటకం "పొలెంతా" మొక్కజొన్న పిండితో చేసిన సంకటి తప్ప వేరు కాదు, కాకపోతే వెన్న, జున్ను కలుపుతారు.

శాకాహారులు గమనించవలసినవి

మెనూలో మాంసం పేరు లేనంత మాత్రాన వంటకం శాకాహారమని భావించరాదు. పార్మిజానో రెజ్జానో, గ్రానా పదానో జున్నులను లేగదూడ కడుపు నుండి తీసిన రెన్నెట్ అనే పదార్థంతో పాలు విరిచి తయారు చేస్తారు. పెకొరీనో రొమానోకు గొర్రెపిల్లల రెన్నెట్ వాడతారు. తులసి జాతి ఆకుతో చేసే పెస్తో పచ్చడిలోనూ ఈ జున్ను కలుస్తుంది. రిసోత్తోను తరచుగా మాంసం ఉడికించిన నీటితో వండుతారు. కొన్ని టమాటా సాస్‌లలో ఆంకోవీ చేప కరిగిపోయి కంటికి కనబడదు. తీపి వంటకాలలో తిరమిసులో పచ్చి గ్రుడ్డు, తరచుగా మద్యం ఉంటాయి. పన్నా కొత్తాను జెలటిన్‌తో గట్టిపరుస్తారు. సూక్ష్మజీవుల నుండి తీసిన రెన్నెట్‌తో చేసిన జున్నులు కూడా దొరుకుతాయి కనుక ఏ జున్ను వాడారని సర్వరును అడగడంలో తప్పు లేదు. మంచి రెస్టారెంటులో ఈ ప్రశ్నకు వంటింటి నుండి స్పష్టమైన సమాధానం వస్తుంది.

మిరప

టమాటా, మిరప రెండూ అమెరికా ఖండాల నుండి వచ్చినవే. 16వ శతాబ్దంలో మిరప స్పెయిన్ మీదుగా ఇటలీకి, పోర్చుగీసుల ద్వారా భారతదేశానికి చేరినది. టమాటా ఇటలీకి అదే కాలంలో వచ్చినా పాస్తాతో కలవడానికి చాలా కాలం పట్టినది. ఆ కలయికను పేర్కొన్న తొలి వంట గ్రంథం ఫ్రాంచెస్కో లెయొనార్ది 1790లో ప్రచురించినది.

క్రోసూరు, సత్తెనపల్లి పరిసరాలలో మిరప ప్రధానమైన వాణిజ్య పంట. గుంటూరు సన్నం మిరపకు భౌగోళిక గుర్తింపు కూడా ఉన్నది. ఇటలీలో ఇటువంటి పేరు దక్షిణ కొసన ఉన్న కలాబ్రియాది. అక్కడి దియమాంతె పట్టణంలో 1992 నుండి మిరప ఉత్సవం జరుగుతున్నది. కారం అలవాటైనవారికి రుచించే వంటకం "పెన్నె ఆల్ల అర్రబ్బియాతా". ఆ మాటకు కోపం వచ్చినది అని అర్థం. టమాటా, వెల్లుల్లి, ఎండుమిరప, ఆలివ్ నూనె ఇందులోని ముఖ్య పదార్థాలు. వెల్లుల్లి, నూనె, మిరపలతోనే ముగిసే "ఆల్యో ఓల్యో ఎ పెపెరొంచీనో" మరొకటి. అయినా పల్నాటి నాలుకకు ఇవి చప్పగానే తోచవచ్చు.

తెలుగునాట

భారత నగరాలలో పిజ్జా గొలుసు దుకాణాలు 1996లో ప్రవేశించాయి. ఇటాలియన్ వంట పేరుతో మొదట పరిచయమైనది ఈ అమెరికా తరహా తిండియే. గార్లిక్ బ్రెడ్, మీగడ పోసిన ఆల్‌ఫ్రెడో సాస్, పొట్లాలలో ఇచ్చే మిరప పలుకులు ఆ దారిన వచ్చినవే. సీజర్ సలాడ్ మెక్సికోలోని తిహువానాలో 1924లో ఒక ఇటలీ వలసదారుడు చేసినదని చెబుతారు. దానికంటే ముందే, 1989లో పుణేలో మొదలైన "లిటిల్ ఇటలీ" పూర్తి శాకాహార ఇటాలియన్ భోజనాన్ని అందించినది.

హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూరు, బంజారా హిల్స్ ప్రాంతాలలో అంతర్జాతీయ హోటళ్ళు వెలిశాయి. వెస్టిన్ హోటలులో "ప్రేగో", 2012లో ప్రారంభమైన పార్క్ హయత్‌లో "త్రె ఫోర్ని" ఇటాలియన్ వంటకు కేటాయించినవి. త్రె ఫోర్ని అనగా మూడు పొయ్యిలు.

బిల్లు

ఇటలీలో రొట్టెకు, బల్లకు కలిపి మనిషికి కొన్ని యూరోలు "కొపేర్తో" పేరుతో వసూలు చేయడం పలు చోట్ల ఆచారం. భారతదేశంలో ఇది లేదు. రోజు అద్దె 7,500 రూపాయలు దాటే గదులున్న హోటళ్ళలోని రెస్టారెంట్లలో భోజనంపై 18 శాతం, విడిగా ఉండే రెస్టారెంట్లలో 5 శాతం జి.ఎస్.టి. పడుతుంది. మెనూలోని ధరలు సాధారణంగా పన్ను కలపనివి కనుక ముందే లెక్క వేసుకొనవలెను. సర్వీసు చార్జీని బిల్లులో దానంతట అదే కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చినది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించినది. అటువంటి మొత్తం బిల్లులో కనిపిస్తే తీసివేయమని అడగవచ్చు.