పాట చెప్పే సాక్ష్యం: కరీంనగర్, ఆదిలాబాద్ ఉద్యమగీతాలు

1978 అక్టోబరులో ప్రభుత్వం కరీంనగర్ జిల్లాలోని సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. కల్లోలానికి ముందు అక్కడ తరతరాలుగా సాగిన వెట్టిచాకిరి ఎటువంటిదో ఉత్తర్వును బట్టి తెలియదు. అందుకు పాటను ఆశ్రయించవలసి ఉంటుంది. ఆదిలాబాద్ జిల్లా లింగాపురంలో పుట్టిన గూడ అంజయ్య రాసిన ‘ఊరు మనదిరా’లో తేదీ లేదు, సంఘటన లేదు. ఉన్నవల్లా శ్రమజీవుల పనిముట్లు, వాటి నడుమ దొర స్థానమేమిటన్న ప్రశ్న. ఉత్పత్తి సంబంధాలను పాఠ్యగ్రంథం అధ్యాయమంతా వివరిస్తే, ఈ పాట పనిముట్లను పేరుపెట్టి పిలిచి ఊరుకుంటుంది. తరగతిగదిలో ఏది ముందు అందుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే పాటకు లెక్కలు అప్పగించరాదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. మృతులు 13 మంది అని ప్రభుత్వం ప్రకటించగా, హక్కుల సంఘాలు అంతకు ఎంతో ఎక్కువ సంఖ్యను చెప్పాయి. స్మృతిగీతాలు ఈ వివాదాన్ని తీర్చలేవు. శోకానికి సంఖ్యానియమం లేదు. గోండులు ఆనాడు అక్కడికి ఎందుకు వచ్చారు, చేజారిన భూమి ఎవరి పాలైంది అన్న విషయాలలో మాత్రం వాటి సాక్ష్యాన్ని అతిశయోక్తిగా తోసిపుచ్చడం తగదు. భూమి దస్తావేజులతో సరిచూడదగిన సాక్ష్యమది.