ఎమ్జీ కారు ఇంటి షెడ్డుకెక్కిన కథ

అంబాసిడర్ హెడ్డు దింపి బిగించిన మెకానిక్కు ఎవరైనా ఎమ్జీఏ బానెట్ ఎత్తితే కంగారు పడడు. 1955లో ఇంగ్లండులో ఆ రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకు పెట్టిన 1489 సీసీ ఇంజనూ, కొన్నేళ్లకు మన అంబాసిడర్‌కు వచ్చిన 1489 సీసీ ఇంజనూ ఒక్క కడుపున పుట్టినవే. బీఎమ్‌సీ కంపెనీ ఆ కుటుంబాన్ని బీ-సిరీస్ అనేది. అదే ఇంజన్ని 1798 సీసీకి పెంచి 1962లో ఎమ్జీబీకి పెట్టారు. ఇక్కడ అది టాక్సీలు లాగింది, పెళ్లివారిని మోసింది. అక్కడ ఆదివారం పూట టాపు మడిచి తిరిగే కుర్రకారు చేతికి చిక్కింది. ఎమ్జీబీ పద్దెనిమిదేళ్లు తయారైంది, ఐదు లక్షలు దాటింది. ఇంటి షెడ్డులో పాత స్పోర్ట్స్ కారును సొంతంగా బాగుచేసుకోవడం అనే వ్యాపకం ఎలా ఎదిగిందో తెలియాలంటే ఈ ఒక్క కారును పట్టుకుని నడిస్తే చాలా దూరం వెళ్లవచ్చు.

కంపెనీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అలా నిలబెట్టడమే పెద్దల సంప్రదాయమనీ, ఇంజన్ మార్చడం, చక్రాలు మార్చడం తర్వాతొచ్చిన కుర్రచేష్టలనీ ఈ రంగంలో కొందరు గట్టిగా నమ్ముతారు. చరిత్ర చూస్తే వరస తలకిందులుగా ఉంది. పురాతన మోటారు బళ్లను భద్రపరచే వెటరన్ కార్ క్లబ్ 1930లోనే పుట్టిన మాట నిజమే గాని, అది తీరికా డబ్బూ ఉన్నవాళ్ల సరదా. మామూలు జీతగాళ్ల ఇళ్లలో మాత్రం ముందు వచ్చింది మార్చడమే.

ఎమ్జీ పుట్టుకే అలాంటిది. 1920ల మొదట్లో ఆక్స్‌ఫర్డ్‌లో విలియం మోరిస్‌కు చెందిన కార్ల అమ్మకం దుకాణం పేరు మోరిస్ గరాజెస్. దాని మేనేజరు సెసిల్ కింబర్ సాదాసీదా మోరిస్ కార్ల చాసిస్ తీసుకుని, వాటి మీద తేలికైన సొగసైన బాడీలు కట్టించి అమ్మాడు. ఆ దుకాణం పేరులోని రెండక్షరాలే ఎమ్జీ. అంటే ఇవాళ కొందరు పవిత్రంగా చూసుకునే ఆ ఎనిమిది పలకల ముద్ర మొదట వేరొకరి కారును మార్చినవాడు వేసుకున్న గుర్తు.

పేదవాళ్ల దారి ఆస్టిన్ సెవెన్. 1922 నుంచి 1939 దాకా తయారైన ఈ 747 సీసీ బుల్లి కారుకు పైన రేకు పుచ్చిపోయినా కింద చాసిస్సూ ఇంజనూ పనికొచ్చేవి. పాత సామాన్ల వాడి దగ్గర కొద్ది డబ్బుకే దొరికేవి. కుర్రాళ్లు పై గూడు పీకేసి, అల్యూమినియం రేకు సుత్తితో వంచి, రెండు సీట్ల బాడీ కట్టుకునేవాళ్లు. వాటికి స్పెషల్ అని పేరు. ఈ పిచ్చివాళ్లకోసమే 1939లో 750 మోటార్ క్లబ్ వెలిసింది. 1948లో కోలిన్ చాప్‌మన్ తన మొదటి కారును ఒక పాత ఆస్టిన్ సెవెన్ మీదే కట్టాడు. ఆ ఇంటిపని ఎదిగి లోటస్ కంపెనీ అయింది. 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌ను విడిభాగాల పెట్టెలుగా అమ్మారు. పూర్తి కారుకు పడే కొనుగోలు పన్ను విడిభాగాలకు పడేది కాదు మరి. బిగించే సూచనలు జతచేస్తే పన్ను వర్తిస్తుందని తెలిసి, విప్పే సూచనలు ఇచ్చి వెనక నుంచి చదువుకోమన్నారని ఒక కథ చెబుతారు. నిజమో కల్పనో గాని, పన్ను తెలివిలో వాళ్లు మనకేమీ తీసిపోలేదు. 1973లో వ్యాట్ రావడంతో ఆ వెసులుబాటు పోయింది.

యుద్ధం ముగిశాక ఎమ్జీ టీసీ వచ్చింది. 1945–49 మధ్య పదివేలు తయారైంది. అన్నీ కుడిచేతి స్టీరింగువే అయినా అమెరికాకు దాదాపు రెండు వేలు చేరాయి, అక్కడ మనసులు దోచాయి. దాన్ని బాగుచేయబోయిన అమెరికన్‌కు మాత్రం తల తిరిగేది. నట్ల మరలు మెట్రిక్ కొలతవి, వాటి తలలు బ్రిటిష్ విట్‌వర్త్ పానాలకు సరిపోయేవి. ఒకప్పుడు మోరిస్‌కు ఇంజన్లు చేసిపెట్టిన హాచ్‌కిస్ అనే ఫ్రెంచి సంస్థ మరలు కోసే యంత్రాలు అలాగే వారసత్వంగా వచ్చాయి. ఊళ్లో ఏ దుకాణంలోనూ దొరకని బోల్టు ఉన్న కారంటే దాని చుట్టూ వ్యాపారం పుడుతుంది. 1948లో లాస్ ఏంజెలెస్‌లో ఆల్ మాస్ తెరిచిన రిపేరు దుకాణం క్రమంగా బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల విడిభాగాలకు పెద్ద చిరునామా అయింది, కంపెనీ ఆపేసిన భాగాలను కొత్తగా చేయించడం దాకా వెళ్లింది.

విడిభాగం దొరికినా చేతికి తోవ చూపే పుస్తకం కావాలి. సిలోనులో పుట్టిన జాన్ హేన్స్ ఇంగ్లండులో బడిపిల్లవాడిగా ఉన్నప్పుడే ఒక ఆస్టిన్ సెవెన్ స్పెషల్ కట్టి, కట్టిన తీరును చిన్న పుస్తకంగా అచ్చువేసి అమ్మినవాడు. రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో చేరి 1965లో ఏడెన్‌లో ఉండగా, తోటి ఉద్యోగి ఒకడు చితికిపోయిన కప్పకళ్ల ఆస్టిన్-హీలీ స్ప్రైట్ కొన్నాడు. కంపెనీ మాన్యువల్ చూస్తే అన్నీ తెలిసిన డీలరు మెకానిక్కు కోసం రాసినట్టుంది. హేన్స్ ఆ ఇంజన్ విప్పుతూ ప్రతి దశకూ ఫొటో తీశాడు, బిగిస్తూ మళ్లీ తీశాడు. 1966లో వచ్చిన ఆ మొదటి మాన్యువల్ మూడు వేల కాపీలు మూడు నెలలు తిరక్కుండా చెల్లిపోయాయి. గ్రీజు చేతులతో పేజీ తిప్పేవాడిని దృష్టిలో పెట్టుకుని, నిజంగా ఒక కారు విప్పి రాయడమే దాని గొప్ప. నన్నడిగితే ఈ వ్యాపకానికి ఇంధనం పోసింది ఏ కార్ల కంపెనీ కన్నా ఆ పుస్తకాలే.

ఇక ఎమ్జీబీకి వస్తే, దాని అసలు శత్రువు తుప్పు. ముందు తరం ఎమ్జీఏకు విడిగా చాసిస్ ఉండేది. ఎమ్జీబీకి లేదు, రేకు బాడీయే ఎముకల గూడు. పైగా టాపు లేని రోడ్‌స్టర్ కదా, పైన ఆదుకునేదేమీ లేదు. కారు మధ్యకు విరగకుండా పట్టుకునేది తలుపుల కింద ముందు నుంచి వెనక్కి పోయే రెండు పెట్టె దూలాలు. వాటిని సిల్ అంటారు. బయట కనిపించే రేకు, లోపలి రేకు, ఆ రెంటి మధ్య నిలువుగా ఒక అడ్డుగోడ, అడుగున కోట బురుజుల వరసలా మడతలు పడిన మరో పట్టీ, ఇవన్నీ కలిస్తే ఒక సిల్. ఇంగ్లండులో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు చక్రం వెనక నుంచి లోపలికి చేరి, బయటి రంగు మెరుస్తూ ఉండగానే లోపల తినేస్తుంది. అందుకే తెలిసినవాడు ఈ కారు కొనేముందు ఇంజన్ చూడడు, మోకాళ్ల మీద కూర్చుని గుమ్మం కింద తట్టి చూస్తాడు. ఠంగుమంటే రేకు. దబ్బుమంటే లప్పం.

సిల్ మార్చడంలో పద్ధతి తప్పితే కారు దక్కదు. పుచ్చిన దూలాన్ని నేరుగా కోసేస్తే బాడీ నడుము దగ్గర కుంగుతుంది, ఆ తర్వాత తలుపు జన్మలో సరిగా పడదు. కాబట్టి ముందు తలుపు చోట ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి ఇనుప కడ్డీ వెల్డు చేసి బిగదీస్తారు. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకుంటారు. సిల్ ముందు కొస మడ్‌గార్డు వెనక దాగి ఉంటుంది కనుక మడ్‌గార్డు విప్పాలి, లేదా దాని అడుగు కోయాలి. కొత్త రేకును ముందు క్లాంపులతో పట్టి, తలుపు వేసి, చుట్టూ సందు సమానంగా ఉందో లేదో చూసి, చుక్క వెల్డింగుతో నిలిపి, మళ్లీ తలుపు వేసి చూస్తారు. ఈ చూడడం ఎన్నిసార్లయినా విసుగుపడనివాడి కారే నిలుస్తుంది. ఇంటివాళ్లకు ఈ పని అందుబాటులోకి రావడానికి కారణం 1980లలో చవకైన మిగ్ వెల్డింగ్ సెట్లు రావడం. అంతకు ముందు ఆర్క్ పెడితే ఆ పల్చటి రేకు చిల్లుపడేది, గ్యాస్ పెడితే వేడికి వంకరపోయేది.

మార్పుల ముచ్చట ఎమ్జీబీతోనూ ఆగలేదు. 1970 ప్రాంతంలో కెన్ కాస్టెల్లో అనే ఇంగ్లీషువాడు ఆ కారులో 3.5 లీటర్ల రోవర్ వీ8 ఇంజన్ ఇమిడించాడు. అది మొదట అమెరికాలో బ్యూయిక్ రూపొందించిన అల్యూమినియం ఇంజన్. ఎనిమిది సిలిండర్లున్నా కారు ముక్కు మీద బరువు పెద్దగా పెరగదు. అప్పటికి ఎమ్జీ యజమాని అయిన బ్రిటిష్ లేలాండ్ అతని కారును తెప్పించుకుని చూసింది, 1973లో సొంతంగా ఎమ్జీబీ జీటీ వీ8 తెచ్చింది. 1976లో ఆపేసేనాటికి 2,591 మాత్రమే తయారయ్యాయి, అదీ పైకప్పున్న జీటీలోనే. టాపు లేని వీ8 కావాలన్నవాళ్లకు సొంత షెడ్డే దిక్కైంది. ఫ్యాక్టరీ వెనకబడి, షెడ్డు ముందు నడిచిన సందర్భం ఇది.

1974 చివర్లో ఫ్యాక్టరీ చేసిన పనికి మాత్రం చాలామంది మనసు విరిగింది. అమెరికా భద్రతా నిబంధనల కోసం మెరిసే క్రోమ్ బంపర్లు తీసేసి లావుపాటి నల్లవి తగిలించారు, కారు ఎత్తు పెంచారు. ముందున్న యాంటీ-రోల్ బార్‌ను కొంతకాలం తీసేశారు కూడా, మలుపుల్లో కారు తూలేది. అమెరికాకు వెళ్లే కార్లకు జంట ఎస్.యూ. కార్బొరేటర్ల బదులు ఒకే ఒక్క జెనిత్-స్ట్రామ్‌బర్గ్ పెట్టారు, పొగ నియంత్రణలు చేర్చారు. 1962లో 95 గుర్రాల బలం ఉన్న కారు అక్కడ 62కు పడిపోయింది. తర్వాతి ముప్పై ఏళ్లు ఇళ్లలో జరిగిన పనిలో పెద్ద భాగం ఈ నిర్ణయాలను వెనక్కి తిప్పడమే. నల్ల బంపర్లు విప్పి క్రోమ్‌వి వేయడం, కమాన్లు మార్చి కారును కిందికి దించడం, జంట కార్బొరేటర్లు తిరిగి కూర్చోబెట్టడం. ఆ రెండు కార్బొరేటర్ల గాలి సమానం చేయడానికి ఇప్పటికీ కొందరు మీటరు వాడరు. రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, మరో కొస కార్బొరేటర్ నోటి దగ్గర పెట్టి, రెండింటి బుసా ఒకేలా వినిపించేదాకా స్క్రూ తిప్పుతారు. దీన్ని మార్చడం అనాలా, అసలు రూపానికి తేవడం అనాలా? అప్పటికే ఆ రెండింటి మధ్య గీత చెరిగిపోయింది.

1980 అక్టోబరులో ఎమ్జీలు తయారయ్యే ఆబింగ్డన్ ఫ్యాక్టరీ మూతపడింది. ఉన్నదున్నట్టు అన్న మాటకు విలువ పెరిగింది ఇక్కడి నుంచే. కొత్తది రాదని తెలిశాక పాతదాని ప్రతి స్క్రూకూ లెక్క వచ్చింది. బ్రిటిష్ లేలాండ్ 1975లోనే బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థను పెట్టి ఉంది. అందులో డేవిడ్ బిషప్ చెల్లాచెదురైన ఎమ్జీబీ ప్రెస్ డైలను వెతికి పట్టుకుని, ఆక్స్‌ఫర్డ్ దాపున ఫారింగ్డన్‌లో 1988 నుంచి ఎమ్జీబీ బాడీని పూర్తిగా కొత్తగా తయారుచేయించి అమ్మకానికి పెట్టాడు. పాత కారు కొని ఇంజన్, గేర్‌బాక్స్, సీట్లు, వైర్లు విప్పి, తుప్పు గూడు పారేసి, కొత్త గూటికి బిగించుకోవచ్చు. రోవర్ కంపెనీ సైతం ఆ గూటి ఆధారంగా 1992లో ఆర్‌వీ8 అనే కారు తెచ్చి, రెండు వేలకు దగ్గరగా చేసింది. అత్యధికం జపాను వాళ్లే కొన్నారు.

ఆ జపానులోనే మాజ్డా సంస్థ బ్రిటిష్ రోడ్‌స్టర్ల స్ఫూర్తితో 1989లో ఎమ్ఎక్స్-5 తెచ్చి, నూనె కారని, కరెంటు మొరాయించని రెండు సీట్ల కారు సాధ్యమేనని చూపించింది. అదీ పాతబడింది. 2017లో మాజ్డాయే మొదటి తరం ఎమ్ఎక్స్-5లను పునరుద్ధరించే పథకం ప్రకటించింది. 2012లో ఎమ్జీబీకి యాభై ఏళ్లు నిండినప్పుడు ఫ్రంట్‌లైన్ అనే బ్రిటిష్ వర్క్‌షాపు హెరిటేజ్ బాడీలో మాజ్డా ఇంజన్ పెట్టి ఎల్ఈ50 కట్టింది. ఇచ్చిపుచ్చుకోవడాలు ఇలా నడిచాయి.

ఇంతకీ అది పాత కారేనా అన్న ప్రశ్న ఆర్టీవో బల్ల మీదికి రాక తప్పలేదు. బ్రిటన్‌లో చాలాకాలం నడిచిన పద్ధతి మార్కులు వేయడం. బాడీ గూటికి ఐదు, సస్పెన్షన్‌కు, యాక్సిళ్లకు, గేర్‌బాక్స్‌కు, స్టీరింగ్‌కు రెండేసి, ఇంజన్‌కు ఒక్కటే. ఎనిమిది వస్తే పాత నంబరు దక్కేది. అదే నమూనాలో కొత్తగా కొన్న గూటికీ రసీదు చూపితే ఐదూ ఇచ్చేవారు. మన దేశంలో 2021 జులైలో వచ్చిన నిబంధనలు మరీ కచ్చితం. వాహనానికి యాభై ఏళ్లు నిండాలి, చాసిస్, బాడీ, ఇంజన్ మొదటి రూపంలో ఉండాలి, అప్పుడే వీఏ అక్షరాలున్న వింటేజ్ నంబరు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు ఇరవై వేలు, రోజువారీ తిరుగుడుకు వీల్లేదు. ఈ లెక్కన కాస్టెల్లో కారు మన దగ్గర వింటేజ్ కాదు, కింబర్ ఉంటే ఒప్పుకునేవాడో లేదో.

ఇప్పుడు కొందరు పాత ఎమ్జీబీలో ఇంజన్ తీసేసి బ్యాటరీలు, మోటారు పెడుతున్నారు. పాతకాపులు చెవులు మూసుకుంటున్నారు గాని, ఆస్టిన్ సెవెన్ గూడు పీకేసిన కుర్రాడి వంశంలో పుట్టిన పనే ఇది. ఎమ్జీ పేరు ఇప్పుడు చైనా సంస్థ శాయిక్‌ది. హెక్టర్ పేరుతో హైదరాబాద్ వీధుల్లో రోజూ కనిపిస్తుంది. రెండు సీట్ల విద్యుత్తు కారు సైబర్‌స్టర్ కూడా 2025లో మన దేశానికి వచ్చింది. దాన్ని విప్పి, ఫొటోలు తీసి, బిగించి రాసిన పుస్తకం అచ్చులో దొరుకుతుందని ఎదురుచూడనక్కర్లేదు. కొత్త మోడళ్లకు కాగితం మీద మాన్యువళ్లు వేయడం ఆపేస్తున్నట్టు హేన్స్ సంస్థ 2020లోనే చెప్పేసింది.